నెత్తి మీది స్టెప్నీ

రవళి జీపు కొన్నదంటే మధురానగర్‌లో వాళ్ల అపార్ట్‌మెంటు వాళ్లు ఒక పట్టాన నమ్మలేదు. అమీర్‌పేటలో పొద్దున్నే ఒక బ్యాచికి, సాయంత్రం ఇంకో బ్యాచికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పుకునే మనిషికి గుట్టలెక్కే బండి ఎందుకని అందరికీ అనుమానం. ఆమె భర్త ఫణీంద్రకి మాత్రం ఏ అనుమానమూ లేదు. అతనికి డ్రైవింగు రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. కానీ సిద్దిపేట దగ్గర వాళ్ల ఊళ్లో పదమూడో ఏటే ట్రాక్టర్ నడిపానని రవళి పెళ్లిచూపుల్లో చెప్పినప్పుడే, అమలాపురం నుంచి వచ్చిన ఈ బీమా ఆఫీసు ఉద్యోగి ఆమెకి పడిపోయాడు.

జీపు పాతదే, గట్టిది. నెలకో ఆదివారం రవళి తనలాంటి నలుగురైదుగురితో కలిసి వికారాబాద్ వైపు గుట్టల్లోకి వెళ్లేది. రాళ్ల మీద పట్టు చాలడం లేదని నాలుగు చక్రాలకీ పెద్ద టైర్లు వేయించింది. స్టెప్నీ కూడా వాటికి జోడుగా ఉండాలి కదా, దాన్నీ మార్పించింది. చిక్కంతా అక్కడ మొదలైంది. ఇనప రిమ్ముతో కలిపి ముప్పై అయిదు కిలోల చక్రం వెనక తలుపు మీద వేలాడుతోంది. ఆ తలుపేమో అందులో సగం బరువుకి చేసింది. రెండు నెలలు గుంతల్లో ఊగి ఊగి, ఒక సోమవారం పొద్దున తలుపు కీలు దగ్గర రేకు చీలింది. తలుపు మూతపడటం మానేసింది. రవళి చున్నీతో దాన్ని కట్టేసి క్లాసుకి వెళ్లింది.

ఆ సాయంత్రం సెల్లార్‌లో మూడో అంతస్తు జోగారావు గారు జీపు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు.

"అమ్మాయ్, బరువు ఎప్పుడూ కిందుండాలి. చక్రాన్ని బండి కింద బిగించెయ్. నా మాట విను."

"కింద ఈ సైజు పట్టదు అంకుల్. పట్టినా, గుట్ట దిగేటప్పుడు రాయికి అదే ముందు తగుల్తది."

"అయితే బానెట్ మీద పెట్టు. పాతకాలపు బండ్లకి అలాగే ఉండేది."

"నాకు రోడ్డు కనబడాలె కదా అంకుల్."

"లోపల పడేస్తే?"

"పడేస్తే మా ఆయన ఎక్కడ కూర్చుంటడు?"

జోగారావు గారు ఆ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించారు. పక్కనే ఫణీంద్ర నిలబడి ఉన్నాడు. అతని మనసులో అప్పటికే ఒక ఆలోచన ఉంది.

ఆ వారంలోనే రవళి పుట్టినరోజు. ఆమె సాయంత్రం క్లాసు ముగించుకుని వచ్చేసరికి జీపు కప్పు మీద నల్లటి ఇనప కారియర్, దాని మీద బెల్టులతో బిగించిన స్టెప్నీ. పక్కన ఫణీంద్ర, ముఖమంతా నవ్వు.

"ఎలా ఉంది?"

"మస్తుంది ఫణీ!" అంది రవళి. అది అబద్ధమేమీ కాదు. జీపు నిజంగానే ఏదో యాత్రకి బయల్దేరినట్టు గొప్పగా కనబడింది. మలుపు తిరిగేటప్పుడు పై బరువుకి బండి కొంచెం పక్కకి ఒరుగుతోందని ఆమెకి మర్నాడే తెలిసింది. నెమ్మదిగా తిప్పితే సరిపోతుందిలే అనుకుంది.

పది రోజుల తర్వాత ఫణీంద్రని పంజాగుట్టలో ఆఫీసు దగ్గర దింపి, వెనక సందులోంచి తిరిగి వస్తుంటే ముందు ఎడమ చక్రం పంచరైంది. రవళికి కంగారు కలగలేదు. చక్రం మార్చడం ఆమెకి కొత్త కాదు. జాకీ తీసింది, పానా తీసింది, పైకి చూసింది. బంపరెక్కి, అక్కడి నుంచి వెనక చక్రం మీద కాలుపెట్టి బెల్టులు విప్పింది. చక్రాన్ని అంచుదాకా లాగింది. అక్కడ ఆగిపోయింది. ఇంకొంచెం లాగితే అది తన మీదే పడుతుంది. వెనక్కి తోద్దామంటే కదలడం లేదు. రెండు చేతులతో దాన్ని ఆపి పట్టుకుని, ఒంటికాలి మీద, అలాగే నిలబడిపోయింది. సందులో రెండు ఆటోలు హారన్ కొట్టాయి. పక్కనే ఆఫీసులో, ఒక్క అంతస్తు పైనే ఫణీంద్ర ఉన్నాడు. ఫోన్ చేస్తే పరుగెత్తుకొస్తాడు. కానీ చెయ్యబుద్ధి కాలేదు. చేతులు ఖాళీ కూడా లేవు.

"ఆగు బిడ్డా, కదలకు!"

ఎదురుగా ఉన్న వెల్డింగ్ షెడ్డు లోంచి అరవై దాటిన మనిషి పొడుగాటి చెక్క పలక పట్టుకుని వచ్చాడు. ఆయన పేరు రాజనర్సయ్య. వెనకే ఆయన భార్య చంద్రమ్మ. పలకని కప్పుకి ఆనించి, ముగ్గురూ కలిసి చక్రాన్ని దాని మీదుగా జార్చారు. కిందికి రాగానే రవళి షెడ్డు అరుగు మీద కూలబడింది.

చంద్రమ్మ నీళ్లిచ్చింది. రాజనర్సయ్య కప్పు వైపు చూశాడు.

"గీ చక్రాన్ని నెత్తి మీదికి ఎవలు ఎక్కిచ్చిండ్రు?"

"మా ఆయన కాకా. నా పుట్టినరోజుకి."

చంద్రమ్మ పకపకా నవ్వింది. "పుట్టినరోజుకు చీర దెస్తరు గని, చక్రం దెచ్చిండా? మనసున్నోడే!"

"అందుకే చెప్పలేకపోతున్న," అంది రవళి. "అంత ముచ్చటపడి చేయించిండు."

రాజనర్సయ్య తల గోక్కున్నాడు. "నువ్వేం చెప్పకు. శనివారం సారును ఇటు తోలుకరా. వెనక తలుపు అతికియ్యాలె అని చెప్పు. అది నిజమే గదా."

చక్రం మార్చి, పాతదానికి పంచరు వేయించాక, ముగ్గురూ దాన్ని అదే పలక మీదుగా మళ్లీ కప్పు మీదికి ఎక్కించారు. శనివారం పొద్దున రవళి, ఫణీంద్ర ఇద్దరూ వచ్చారు. రాజనర్సయ్య తలుపు కీలు పరీక్షించి, ఏమీ ఎరగనట్టు అన్నాడు.

"సారూ, జర పైన టైరు దించుండ్రి. బండి తేలికైతె పని మంచిగైతది."

"అలాగే," అని ఫణీంద్ర ఉత్సాహంగా చొక్కా చేతులు మడిచాడు. పైకెక్కాడు. బెల్టులు విప్పాడు. చక్రాన్ని అంచుకి లాగాడు. అతనూ సరిగ్గా రవళి ఆగిన చోటే ఆగాడు. కాకపోతే ఆమెలా పట్టుకుని నిలబడలేకపోయాడు. "అయ్యో అయ్యో" అంటుండగానే చక్రం జారింది. చంద్రమ్మ ముందే పరిచి ఉంచిన గోనెసంచుల కుప్ప మీద దబ్బున పడి, ఒకసారి ఎగిరి, నిలువుగా లేచి, సందులోకి దొర్లుకుంటూ బయల్దేరింది.

"పట్టుకోండి! పట్టుకోండి!" అని అరుస్తూ ఫణీంద్ర దాని వెనక పరుగెత్తాడు. అతని వెనక రవళి. హాస్టల్ గేటు దగ్గర కూరగాయల బండి చుట్టూ చేరిన అమ్మాయిలు అటూ ఇటూ తప్పుకున్నారు. చక్రం బండికి జానెడు దూరం నుంచి వెళ్లి, గోడవారన ఉన్న ఇసక కుప్ప ఎక్కి, రెండు సార్లు ఊగి పక్కకి పడుకుంది. బండి ఆవిడ చేతిలో తూకం రాయి పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత అందరికంటే ముందు ఆవిడే నవ్వింది.

చక్రాన్ని దొర్లించుకుంటూ తిరిగొచ్చేసరికి ఫణీంద్ర చొక్కా తడిసిపోయింది.

"దీన్ని ఒక్క మనిషి ఎలా దింపుతాడండీ?" అన్నాడు రాజనర్సయ్యతో.

"మొన్న మేం ముగ్గురం గలిస్తెనే దిగింది సారూ," అనేసింది చంద్రమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది.

ఫణీంద్ర రవళి వైపు తిరిగాడు. "మొన్నా? ఎప్పుడు?"

రవళి చెప్పింది. ఒంటికాలి మీద నిలబడ్డ సంగతితో సహా మొత్తం చెప్పింది. వింటున్నకొద్దీ అతని ముఖం చిన్నబోయింది.

"అది నీ మీద పడి ఉంటే? పైనే ఉన్నాను కదా, ఎందుకు పిలవలేదు?"

"నువ్వు అంత ప్రేమగా పెట్టిస్తివి. బాగలేదని ఎట్ల చెప్పాలె?"

ఫణీంద్ర కాసేపు అరుగు మీద కూర్చుని బూట్ల మీది ఇసక దులుపుకున్నాడు.

"పెట్టించే ముందు నిన్ను అడగాల్సింది," అన్నాడు చివరికి. "బండి చూడ్డానికి ఎలా ఉంటుందా అనే ఆలోచించాను. మార్చేది నువ్వని నాకు తట్టనే లేదు."

రవళి వచ్చి అతని పక్కన కూర్చుంది. అతని భుజం మీద అంటిన మసిని తుడవబోతే అది ఇంకాస్త పాకింది.

"ఐపోయిందా మీ ముచ్చట?" అన్నాడు రాజనర్సయ్య. "ఐతె పని జూద్దాం. తలుపుకు రేకే ఉంటది, బలముండదు. బలమంతా కింద చాసిస్‌ల ఉంటది. దానికి గట్టి బంపర్ బిగిస్త. బంపర్‌కు ఇనప చెయ్యి, గేటు లెక్క తెరుసుకునేది. చక్రం గా చేతి మీద. తలుపు మీద బరువే పడది. కీలు కుడి దిక్కు పెడత. రోడ్డు పక్కకు ఆపి తెరిస్తె గా చెయ్యి నీకు, వచ్చే బండ్లకు నడుమ అడ్డం ఉంటది."

"ఎంత ఎత్తులో కాకా?"

"గది నువ్వే చెప్పాలె. నీ జీపు, నీ నడుము."

ఆయన ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. రవళి చక్రాన్ని ఎత్తి వాటి మీద పెట్టాలి. మోకాలి ఎత్తుకి సులువుగానే పెట్టింది. ఇంకో వరస పేర్చాడు. తొడ దాకా ఎత్తగలిగింది, కానీ ముఖం ఎర్రబడింది. నడుము ఎత్తుకి రాలేదు. రాజనర్సయ్య గోడ మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసి, పెదవి విరిచాడు.

"నీకు అలకగ ఉండాలంటె మోకాలంత ఎత్తున పెట్టాలె. గక్కడ పెడితె గుట్ట ఎక్కంగ చక్రం నేలకు తగుల్తది. ఇంకో మూరెడు లేపాలె. లేపితె నీకు అందది."

అందరూ ఆ గీతల వైపే చూస్తూ నిలబడ్డారు. ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు.

"నాకు బండ్ల గురించి ఏమీ తెలియదండీ. కానీ మా ఇంట్లో గ్యాస్ బండని స్టాండ్ మీద పెట్టేటప్పుడు ఒకేసారి ఎత్తం. ముందు ఒక అంచు ఎక్కించి, తర్వాత తోస్తాం. ఆ ఇనప చేతి కింద చిన్న మెట్టులాంటిది పెడితే? చక్రాన్ని ముందు మెట్టు మీద నిలబెట్టి, ఊపిరి తీసుకుని, అక్కడి నుంచి ఎక్కించొచ్చు కదా."

రాజనర్సయ్య సుద్దముక్క ఆపాడు. రెండో గీత కింద ఒక చిన్న పెట్టె గీశాడు. దాన్నే కొంతసేపు చూశాడు.

"సారుకు దిమాకుంది," అన్నాడు భార్యతో. "మడతపెట్టే మెట్టు జేస్త. పని లేనప్పుడు పైకి లేపేసుకోవచ్చు."

పని పూర్తవడానికి అయిదు రోజులు పట్టింది. నంబర్ ప్లేటు, వెనక దీపం చక్రం చాటున పడకుండా వాటినీ ఇనప చేతి మీదికే మార్చాడు. అద్దంలోంచి వెనక రోడ్డు కూడా మునుపటికంటే బాగా కనబడింది. రవళి షెడ్డు ముందే చక్రాన్ని రెండుసార్లు దింపి, రెండుసార్లు ఎక్కించింది. రెండోసారి చంద్రమ్మ చప్పట్లు కొట్టింది. కప్పు మీది కారియర్‌ని పీకించేద్దామని ఫణీంద్ర అంటే రవళి ఒప్పుకోలేదు. తేలికపాటి సామాన్లకి పనికొస్తుందని ఉంచేసింది.

తర్వాతి ఆదివారం ఫణీంద్ర మొదటిసారి ఆమెతో గుట్టల్లోకి వెళ్లాడు. దారిలో రెండుసార్లు కళ్లు మూసుకున్నాడు, ఒకసారి దిగి నడుస్తానన్నాడు. పదకొండింటికి ఒక వాగు దాటాక మొనదేలిన రాయి గుచ్చుకుని వెనక చక్రంలో గాలి పోయింది. వాళ్లతో వచ్చిన వాళ్లు జీపులు ఆపి సాయానికి దిగబోతే రవళి చేయి ఊపి వద్దంది. జాకీ పెట్టడానికి వంగబోయింది.

"నేను మార్చనా?" అన్నాడు ఫణీంద్ర.

"నువ్వా?"

"నువ్వు చెబుతూ ఉండు, నేను చేస్తాను."

రవళి ఒక రాతి మీద కూర్చుని సకినాల డబ్బా తెరిచింది. "ముందు నట్లు కొంచెం వదులు చెయ్యి. జాకీ తర్వాత. అటు కాదు, ఇటు తిప్పు," అంటూ కూర్చున్న చోటు నుంచే పాఠం చెప్పింది. అతను గొళ్లెం తీసి ఇనప చెయ్యి తెరిచాడు, స్టెప్నీ విప్పాడు, మెట్టు మీద ఆపాడు, ఊపిరి పీల్చుకున్నాడు, కిందికి దింపాడు. ముప్పావు గంట పట్టింది. ఆమె చేస్తే పావుగంట పని. మిగతా వాళ్లు వాగులో కాళ్లు పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నారు.

చివరి నట్టు బిగించి ఫణీంద్ర లేచాడు. మోచేతుల దాకా నలుపు, నుదుటి మీద ఒక చార. రవళి సీసాతో నీళ్లు పోయబోతే చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఆగు, ముందు ఫోటో తియ్యి. మా అమ్మకి పంపాలి."


ఆమె తీసింది. అతను అటూ ఇటూ తిరిగి ఇంకో రెండు తీయించుకున్నాడు. ఆ తర్వాతే కడుక్కోవడానికి వాగు దగ్గరికి వెళ్లాడు.