లేవని మనిషి

చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కాలరమ్మ అనేవారు. ఎంత మొండి గుడ్డ అయినా ఆమె చేతిలో పడితే చెప్పినమాట విని కాలరు అయ్యేది కాబట్టి ఆ పేరు. కుడికాలు చిన్నప్పుడే జబ్బుచేసి సన్నబడిపోయింది. అడుగు తీసి అడుగు వేస్తే ఒళ్లంతా ఒక పక్కకి ఒరిగి లేస్తుంది. అయితేనేం, కూర్చుని కుట్టేదానికి ఎడమకాలు చాలు. ఆ కాలు మిషను తొక్కుతుంది, చేతులు వాటి పని అవి చూసుకుంటాయి. పెళ్లికి ముందు నుంచీ, కూతురు పుట్టాక కూడా, అలాగే జరిగిపోయింది.

కొత్త ఇన్‌ఛార్జి వచ్చిన కొద్దిరోజులకి కుర్చీలన్నీ మాయమయ్యాయి. నిలబడి కుడితే పని చురుగ్గా సాగుతుందని ఎక్కడో చూసి వచ్చాడట. ఒక్కొక్కరు రెండేసి మిషన్ల మధ్య అటూ ఇటూ జరుగుతూ కుట్టాలి. కాలరమ్మ ఒక స్టూలు అడిగింది.

"నీకిస్తే రేపటికి అందరికీ కాళ్లనొప్పులే," అన్నాడు ఇన్‌ఛార్జి. "కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండు. కాలు బాగయ్యాక చూద్దాం."

"ఇది జ్వరం కాదు సార్, తగ్గడానికి."

"నేనూ అదే అంటున్నానమ్మా," అన్నాడతను, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాదే ఆమెను ఎక్కువ కాల్చింది. తిట్టినవాడినైతే తిరిగి ఒక మాట అనొచ్చు. నీ మంచికే అన్నవాడిని ఏమని అంటాం?

ఆ తర్వాత ఆమె ఎక్కని గడప లేదు. ఒక దర్జీ ఆమె మొహం కంటే ముందు కాలు చూసి, "మా దగ్గర మెట్లు ఎక్కువమ్మా" అన్నాడు. అతని మిషన్లన్నీ కిందే ఉన్నాయి. బట్టలకొట్టు ఆయన, వచ్చేపోయేవాళ్లు ఏమనుకుంటారోనని తెగ బాధపడిపోయాడు. ఇంకొకాయన పూటంతా ఊరికే కుట్టించుకుని, కబురు చేస్తామన్నాడు. ఆ కబురు ఏ దారిలో తప్పిపోయిందో ఇంతవరకు రాలేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కాలు కంటే మనసు ఎక్కువ కుంటేది. భర్త సామాన్ల వ్యాను నడిపి వచ్చి, ఏమైందని నోటితో అడగలేక కళ్లతో అడిగేవాడు. ఆమె తల అడ్డంగా ఊపి గిన్నెల దగ్గరికి వెళ్లిపోయేది. అతని వ్యానుకి రోజూ కిరాయి దొరకదు. వచ్చే ఏడు పిల్లని బడిలో వెయ్యాలి. ఈ రెండు మాటలూ ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు, ఎవరూ మరిచిపోరు.

అత్తగారు మాత్రం మాటలు మింగే మనిషి కాదు. ఒకప్పుడు తోపుడుబండి మీద పళ్లు అమ్మి కొడుకుని పెంచింది.

"చూడవే కోడలా. కొనేవాడి కన్ను ఎప్పుడూ కాయకున్న మచ్చ మీదే పడుతుంది. మచ్చ కిందకి తిప్పి పేర్చుకోవడం అమ్మేవాళ్ల చేతిలో ఉంటుంది."

"అది మోసం కాదా అత్తయ్యా?"

"కాయ తియ్యగా ఉన్నాక మోసమేంటే? అందరికంటే ముందెళ్లి కూర్చో. వాళ్లొచ్చేసరికి నువ్వు కూర్చునే ఉండాలి. వాళ్లు పోయాకే లేవాలి. కూర్చుంటే నువ్వూ రాణివే."

అలా కూర్చునే దొరికింది కర్టెన్లు కుట్టే పని. ఆరోజు షట్టరు తీస్తుండగానే వెళ్లి, తెరుస్తున్న ముసలి కాపలాదారు చూపించిన మిషను ముందు కూర్చుంది. చీర కుచ్చెళ్లు పాదాల మీదికి లాక్కుంది. యజమానురాలు వచ్చింది. అందరూ ఆమెను మేడం అంటారు. పొట్టి మనిషి, చేతిలో ఎప్పుడూ ఫోను, మాట కూడా ఫోనులో మాట్లాడినట్టే సగం సగం. ఒక బారెడు గుడ్డ ఇచ్చి అంచు మడిచి కుట్టమంది. కుట్టుని వేలితో తడిమి చూసి, "రేపట్నుంచి రా" అనేసి బయటికి వెళ్లిపోయింది. మేడం మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగాక కాలరమ్మ లేచింది.

దొరికింది సరే, నిలబెట్టుకోవాలి కదా. నిలబెట్టుకోవాలంటే నిలబడకూడదు.

పొద్దున అందరికంటే ముందు భర్త వ్యానులో దింపిపోయేవాడు. సాయంత్రం అందరూ వెళ్లేదాకా దారపు ముక్కలు ఏరుతున్నట్టు కూర్చునేది. మంచినీళ్ల డబ్బా గదికి ఆ చివర, మేడం బల్ల పక్కనే. అంచేత నీళ్లు తాగేది కాదు. నీళ్లు తాగితే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే తెలుస్తుంది. తెచ్చుకున్న అన్నం డబ్బా మిషను మీదే విప్పుకుని నాలుగు ముద్దలు తినేది. పొద్దుగూకేసరికి నడుము కట్టెలా బిగుసుకుపోయి, నాలుక అట్ట ముక్కలా అయ్యేది.

ఒంటికేం, అది ఎవరి మర్యాదా చూడదు. ఆదివారం మూత్రంలో మంటా చలిజ్వరమూ కలిసి మంచం ఎక్కించాయి. డాక్టరమ్మ నీళ్లు తాగడం లేదా అని అడిగి మాత్రలు రాసింది. అత్తగారు చెంబు పట్టుకుని తలాపున కూర్చుంది.

"నేను కాలు దాచుకోమన్నానుగానీ గొంతు ఎండబెట్టుకోమన్నానా? తాగు. ఇంకా తాగు. చెరువు తాగినా నీకు సరిపోదు."

అప్పుడే కూతురు బొమ్మని చంకనేసుకుని గుమ్మంలోంచి వచ్చింది. నడుము ఒక పక్కకి వంచి, ఒరిగి లేస్తూ, బుద్ధిగా అడుగులు వేస్తోంది.

"ఏంటే ఆ వేషాలు?" అని నానమ్మ చెయ్యెత్తింది.

"వేషాలు కాదు నానమ్మా. నేను అమ్మని. పనికెళ్తున్నా."

కాలరమ్మకి నవ్వొచ్చింది. ఆ పిల్లకి అది వంకర కాదు, అమ్మ నడక, అంతే. ఈ లోకంలో తను దాచుకోకుండా నడిచే చోటు ఈ రెండు గదులే మిగిలాయని అప్పుడు తట్టింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

మర్నాడు మళ్లీ మిషను ముందే ఉంది. ఆ గదిలో ఇంకా ఇద్దరున్నారు. కర్టెన్లకి రింగులు వేసే అమ్మాయి, నోరు ఊరుకోదు. గుడ్డ కోసే పెద్దావిడని అందరూ కత్తెరక్క అంటారు. కోత బల్ల ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆమె పొద్దస్తమానం నిలబడే ఉండాలి. మోకాళ్లు వాచి ఉంటాయి. మధ్యాహ్నం టీ వేళ గుడ్డల మూట మీద కూలబడి కాళ్లు బారజాపి, "అమ్మయ్య, ఇప్పుడు నేనే మహారాణిని" అంటుంది. రోజు మొత్తంలో ఆమె కూర్చునేది ఆ కాసేపే.

ఏదో హోటలు వాళ్ల కర్టెన్లు నెత్తి మీదికొచ్చాయి. మేడం ఫోను చెవి నుంచి తీసి గది మధ్యలో నిలబడింది.

"మధ్యాహ్నం టీకని పని ఆపడాలు ఇక వద్దు. టీ మీ దగ్గరికే పంపిస్తాను, పని చేస్తూ తాగండి. కుదరదనకండి. కొత్తావిడని చూడండి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవదు. ఆవిడ మనిషి కాదా?"

మేడం వెళ్లాక కత్తెరక్క కత్తెర బల్ల మీద పెట్టింది.

"ఏ తల్లి కన్నదమ్మా నిన్ను? నీళ్లొద్దు, టీ వద్దు, దొడ్డికి పోవడం వద్దు. కాళ్లు లేవా నీకు?"

"ఆవిడని మిషనుతో పాటే బిగించారక్కా," అంది రింగులమ్మాయి. "స్క్రూలు విప్పితేగానీ రాదు."

"మేడం మెప్పు కోసమే అయితే నీకే ఉంచుకో. మా కూడు మీద మన్ను కొట్టకు."

కాలరమ్మ తల ఎత్తలేదు. సూది కింద గుడ్డ తనంతట తాను జరిగిపోతోంది. చొక్కాల ఫ్యాక్టరీలో తనొక్కతి కూర్చుంటే అందరూ కూర్చుంటామంటారని పంపేశారు. ఇక్కడ తనొక్కతి కూర్చున్నందుకు అందరినీ నిలబెడుతున్నారు. రెండుచోట్లా దుడ్డుకర్ర తనే. పట్టుకున్న చెయ్యి వేరు, అంతే.

రెండు రోజులు చూసీ చూడనట్టు గడిపింది. కత్తెరక్క టీ గ్లాసు ఒక చేత్తో, గుడ్డ ఒక చేత్తో పట్టుకుని నిలబడి తాగుతుంటే, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒళ్లు మార్చుకోవడం కనిపించేది. ఆ మార్చుకోవడం ఎలాంటిదో కాలరమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. మేడంతో చాటుగా చెబుదామా అనుకుంది. చాటుగా చెబితే చాటుగానే పంపేస్తారు. ఊరుకుందామా అనుకుంది. ఊరుకుంటే పని ఉంటుంది. మళ్లీ గడపలన్నీ ఎక్కే ఓపిక తనకి లేదు. ఆలోచించే ఓపిక కూడా లేదు. అన్నిటికీ మించి, దాహంగా ఉంది.

మూడోరోజు టీ వేళకి మిషను ఆపేసి లేచింది.

మేడం బల్ల దగ్గరే ఉంది. కాలరమ్మ ఒరిగి లేస్తూ, ఒరిగి లేస్తూ, గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. బిగుసుకున్న నడుము వల్ల నడక మామూలు కంటే అధ్వాన్నంగా ఉంది. రింగులమ్మాయి చేతిలోంచి రింగు ఒకటి జారి నేల మీద దొర్లుకుంటూ పోయింది. ఎవరూ దాన్ని పట్టుకోలేదు. కాలరమ్మ గ్లాసుడు నీళ్లు తాగింది. ఇంకో గ్లాసు ముంచుకుంది.

మేడం ఫోను బోర్లా పెట్టింది. "కాలికేమైంది?"

"ఏం కాలేదు మేడం. చిన్నప్పట్నుంచీ ఇంతే."

"మరి ముందే చెప్పొచ్చు కదా."

"చెబితే కూర్చోనిచ్చేవారా?"

మేడం కిటికీ వైపు చూసింది. అబద్ధం చెప్పాలని ఉందిగానీ నోరు రాలేదు కాబోలు. "ఇళ్లకెళ్లి కర్టెన్లు తగిలించాల్సి వస్తుంది. నిచ్చెన ఎక్కాలి. అందరికీ వంతులుంటాయి."

"నిచ్చెన ఎక్కలేనండి. కుట్టడమే చేస్తాను." కాలరమ్మ గొంతులో బతిమాలడం లేదు, ధైర్యమూ లేదు. అలసట మాత్రం ఉంది. "ఇంకోటి మేడం. నేను లేవకపోయింది పని మీద ప్రేమతో కాదు, మీరు చూస్తారని భయంతో. నన్ను చూపించి వాళ్ల టీ వేళ తియ్యకండి. నాకూ అది కావాలి."

కత్తెరక్క ఎప్పుడు కూర్చుందో, గుడ్డల మూట మీద కాళ్లు చాపుకుని ఉంది. "నా వంతుతో పాటు ఈ కొత్తదాని వంతు నిచ్చెన కూడా ఈ పిల్లే ఎక్కుతుందిలెండి," అంది రింగులమ్మాయిని చూపించి.

"నన్నడక్కుండానే?" అంది ఆ పిల్ల.

"కోతిలా ఎక్కుతావుగా, నిన్నడిగేదేంటి?"

మేడం నవ్వలేదు. "హోటలు పని అయ్యేదాకా ఉండు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం." ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుని, బయటికి పోతూ, "టీ చల్లారిపోతోంది, తాగండి" అంది.

ఉండమన్నట్టా, పొమ్మన్నట్టా? కాలరమ్మకి తేలలేదు. తేల్చుకోవడానికి ఒంట్లో సత్తువ లేక, ఆమె కూడా పోయి ఆ మూట మీదే ఒక చివర కూర్చుంది.

"ఇన్నాళ్లూ మా ప్రాణాలు తోడేశావు కదే మహాతల్లీ," అంది కత్తెరక్క.

"తప్పయిందక్కా."

"కాస్త అటు జరుగు. కాలు పట్టడంలేదు."

సాయంత్రం కాలరమ్మ అందరితోపాటే మెట్లు దిగింది. రింగులమ్మాయి ముందే పరుగు తీసింది. కత్తెరక్క గబగబా నాలుగడుగులు వేసింది, ఏదో చెబుతూనే ఉంది. పక్కన మనిషి లేదని ఇంకా చూసుకోలేదు. ఎవరితోనైనా నడవాల్సి వస్తే కాలరమ్మ మామూలుగా వాచీ చూసుకున్నట్టో, చెప్పు సర్దుకున్నట్టో ఆగిపోయి, వాళ్లు కనుమరుగయ్యాక నడిచేది.

"కాస్త ఆగక్కా," అంది. "నేను అంత తొందరగా రాలేను."

కత్తెరక్క ఆగి వెనక్కి చూసింది. పక్కనున్న గోడకి ఆనుకుని మోకాలు నిమురుకుంది.

"ఆ ముక్కేదో ముందే అంటే నేను మాత్రం పరిగెత్తేదాన్నా? రా, మెల్లగానే రా."