దర్వాజ పట్టని బతుకమ్మ

ఇటు రండమ్మా, దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద కూర ఉంటే మంట తగ్గించి రండి, అదెక్కడికీ పోదు. పండుగలు ముంగిట్లోకి వచ్చాయి కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలి. పండుగ దాటిపోయాక చెప్తే ఎవరి చెవికీ ఎక్కదు.

మన చిట్కుల్‌లో కంపెనీ బస్సులు ఆగే మలుపు ఉంది కదా, దాని వెనుక సందులో వనజ అనే కోడలు ఉంది. మంచి మనిషి. ఎవరింట్లో జ్వరమన్నా ముందుగా గంజి కాచి తీసుకెళ్లేది ఆమే. భర్త బాలరాజ్‌ది పైపుల కంపెనీలో పని. అత్త మొగులమ్మ వాళ్లతోనే ఉంటుంది. అంతా బాగానే ఉంటుంది గానీ, బతుకమ్మ పండుగ దగ్గర పడుతుందంటే చాలు, వనజ వేరే మనిషి అయిపోతుంది. ముందటేడు ఎదురింటి ఇందిరమ్మ బతుకమ్మ అందరికంటే పెద్దదని ఆడవాళ్లంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. వనజ పేర్చింది ఏ ఫొటోలోనూ సరిగా పడలేదు. ఒకదాంట్లో పడింది గానీ సగమే. ఆ సగం బొమ్మ ఆమె గుండెలో ఏడాదంతా ముల్లులా ఉండిపోయింది.

నిరుడు సద్దుల బతుకమ్మ నాడు బాలరాజ్ నైట్ డ్యూటీ దిగి, అటునుంచి అటే గునుగు పువ్వు కోసం వెళ్లాడు. ఒకప్పుడు ఇంటి వెనుకే దొరికేది. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు తప్ప గడ్డిపోచ లేదు. ఎక్కడో దూరాన బీడు వెతికి, బండి మీద మోపు పెట్టుకొని తిరిగొచ్చాడు.

"గిన్నేనా?" అంది వనజ. "గీ పువ్వుతోని నడుమంత గూడ లేవది."

"నిద్రతోని కండ్లు మూసుకపోతున్నయే. జెర చాయన్న పొయ్యి."

"చాయ తర్వాత. తంగేడు ఏది?"

బాలరాజ్ మళ్లీ బండి తీశాడు.

మధ్యాహ్నానికి అతని చెల్లెలు రేఖ వచ్చింది. బీరంగూడలో ఉంటుంది, మందుల కంపెనీలో గోలీలు ప్యాకింగ్ చేస్తుంది. అక్కడ సద్దుల నాడు సెలవు ఇవ్వరు. పక్క మిషను మీద పనిచేసే తనుశ్రీ అనే ఒడిశా పిల్లను బతిమాలి, దీపావళి నాడు ఆమె డ్యూటీ తాను చేస్తానని ఒప్పుకొని, ఈ ఒక్క సాయంత్రం సంపాదించుకుంది. పెళ్లయ్యాక పుట్టింటి బతుకమ్మ ఆడడం ఆమెకు ఇంతవరకూ కుదరనే లేదు. రాగానే కాళ్లు కడుక్కొని, బంతిపూలు ఒళ్లో పోసుకొని కూర్చుంది.

"వదినె, ఒక వరుస నేను పేరుస్త. సిన్నప్పుడు అవ్వ నాతోనే పేర్పిస్తుండె."

"ముట్టకు రేఖా! వంకరైతది. సుట్టపుదానివి, నువ్వు కూసో."

పాపం, రేఖ పూలన్నీ తిరిగి గంపలో పోసింది.

బతుకమ్మను పేర్చే వెదురు పళ్లేన్ని సిబ్బి అంటాం కదా, వనజ సంతలో అన్నిటికంటే పెద్దది ఏరి తెచ్చింది. తంగేడుతో తిరిగొచ్చిన బాలరాజ్ దాన్ని అరుగు మీద పెట్టబోతే, "గాడ పెడితే ఇందిరమ్మ సూస్తది" అని ఇంట్లోకి పట్టుకుపోయింది. దర్వాజలో నేరుగా పట్టకపోతే నిలువుగా తిప్పి లోపలికి దూర్చింది. తలుపేసుకొని పేర్చడం మొదలుపెట్టింది. తంగేడు వరుస, గునుగు వరుస, బంతి వరుస.

"బిడ్డా..." అని మొగులమ్మ ఏదో చెప్పబోయింది.

"అత్తా, ఇప్పుడు నన్ను మాట్లాడియ్యకు! వరుస తప్పుతది."

ఇంట్లో ఎవరూ మళ్లీ నోరు తెరవలేదు.

సాయంత్రం బతుకమ్మ వనజ భుజాలంత ఎత్తు లేచింది. ఎంత అందంగా ఉందో! పసుపు గౌరమ్మను పైన పెట్టి, బొట్టు పెట్టి, పట్టుచీర కట్టుకుంది. బయట ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాట అందుకున్నారు. ఆమె ఒకవైపు, భర్త ఒకవైపు సిబ్బిని ఎత్తి దర్వాజ దగ్గరికి తెచ్చారు. పట్టలేదు. ఖాళీ సిబ్బినైతే నిలువుగా తిప్పి తెచ్చింది గానీ, పూలతో నిండిన దాన్ని ఎట్లా తిప్పుతారు?

"దర్వాజ పీకుదామంటే కిరాయి ఇల్లాయె," అన్నాడు బాలరాజ్ నవ్వు ఆపుకుంటూ.

వనజ కన్నీళ్లతో అరిచింది. "ఇంట్ల ఇంతమంది ఉన్నరు, ఒక్కరికన్న కండ్లు లేవా? ఒక్కరన్న జెప్పద్దా?"

మొగులమ్మ మెల్లగా అంది. "సిబ్బి లోపటికి దూర్చినప్పుడే సూసిన బిడ్డా. జెప్తే కోపానికొస్తవని ఊకున్న."

బాలరాజ్ తల వంచుకున్నాడు. "నేను గూడ సూసిన."

"నేను గూడ వదినె," అంది రేఖ.

అప్పుడు చూడాలమ్మా వనజ మొహం. ముగ్గురూ చూశారు. ముగ్గురూ భయపడ్డారు. రాత్రంతా సూపర్‌వైజర్‌కు భయపడి వచ్చిన మనిషి ఇంట్లో తనకు భయపడ్డాడు. ఒక్క సాయంత్రం అడుక్కొని తెచ్చుకున్న ఆడపిల్ల పుట్టింట్లో పువ్వు ముట్టడానికి భయపడింది. వనజ సిగ్గుపడి కొంగుతో మొహం కప్పుకొని అక్కడే కూలబడింది.

తర్వాత లేచి, గౌరమ్మను తీసి అత్త చేతిలో పెట్టింది. పై వరుసలు విప్పి, వంటింట్లోంచి స్టీలు తాంబాలం తెచ్చింది.

"రేఖా, నువ్వు పేర్చు."

"వంకరైతే?"

"కానియ్యి."

నలుగురి చేతులు పడ్డ ఆ చిన్న బతుకమ్మ ఒక పక్కకు ఒరిగే ఉంది. దాన్ని ఎత్తుకొని వెళ్లేసరికి ఆడవాళ్లు ఆట ముగించి చెరువుకు బయలుదేరుతున్నారు.

"ఏంది వనజా, గింతదేనా?" అంది ఇందిరమ్మ. "పొద్దంత తలుపేసుకొని ఏం జేసినవ్?" అందరూ నవ్వారు.

పువ్వు దొరకలేదని చెప్పి తప్పించుకోవచ్చు. వనజ అట్లా అనలేదు. తల వంచుకొని, "పెద్దదే జేసిన అక్కా. దర్వాజల పట్టలే. మా ఇంట్లోళ్లు సూసి గూడ, నాకు భయపడి జెప్పలే," అంది.

నవ్వు ఆగిపోయింది. ఇందిరమ్మ తన పెద్ద బతుకమ్మ వైపు చూసుకుంది. ఆమె గొంతు తగ్గిపోయింది. "మా ఇంట్ల గూడ గంతే వనజా. పొద్దుగాలసంది మా పిల్లలకు తిట్లే గాని అన్నం పెట్టలే." ఆమే ముందుగా తన బతుకమ్మను కిందికి దించింది. "రేఖ వచ్చింది గద, ఇంకో సుట్టు ఆడుదాం రాండ్రి."

ఒక్క చుట్టే. చీకటి పడుతోంది మరి. రేఖ ఎంత సంబరంగా ఆడిందో చెప్పలేను. వనజ ఆమె పక్కనే చప్పట్లు కొట్టింది గానీ తల ఎత్తలేకపోయింది.

"వచ్చే ఏడు పొద్దుగాలనే రా. మొత్తం నువ్వే పేర్చు," అంది దారిలో.

"వచ్చే ఏడు డ్యూటీ ఎట్లుంటదో ఏమో వదినె," అంది రేఖ. కోపంగా కాదు, మామూలుగానే అంది. అందుకే అది వనజకు ఇంకా లోతుగా తగిలింది.

తల్లులారా, పండుగంటే నలుగురికి చూపించేది కాదు. మన ఇంటివాళ్లు భయం లేకుండా నవ్వుకునే రోజు. పండుగనాడు మన మొహం చూసి మనవాళ్లే నోరు మూసుకుంటే, ఎన్ని పూలు పేర్చినా అది పండుగ కాదు. పని తగ్గించుకోండి, చేతులు కలుపుకోండి, వంకరైతే కానివ్వండి. ఈ మాట మనసులో పెట్టుకోండి. మీ కోడళ్లకు, బిడ్డలకు, ఎదురింటి వాళ్లకు కూడా చెప్పండి. అయితే పూలు పేర్చేటప్పుడే చెప్పండమ్మా, సిబ్బి నిండకముందే.