సత్యవ్వ వాకిట్లో గుర్రం

మేడిపల్లిలో గల్ఫుకు పోయేవాడికి ఎదురు రావడానికి ఎవరిని పడితే వాళ్లను పిలవరు. భర్త అక్కడ క్షేమంగా ఉన్న ఆడమనిషినే పిలుస్తారు. ఆమె నీళ్ల బిందెతో ఎదురొచ్చి బొట్టు పెట్టాకే వాడు బండెక్కుతాడు. సత్యవ్వ కొడుకు ప్రేమ్‌కుమార్ పయనానికి గీతను పిలవమన్నది ఏజెంటు దశరథమే. "అజయ్ పెండ్లాం ఎదురొస్తె పిలగానికి తిరుగుండది" అన్నాడట. ఆ మాట చెవిన పడగానే గీతకు ఒళ్లు మండిపోయింది. ఎంత ధైర్యం వాడికి!

అజయ్ క్షేమంగా లేడు. దుకాణంలో పని అని చెప్పి దశరథం విమానం ఎక్కిస్తే, తేలింది ఎడారిలో గొర్రెల దొడ్డి దగ్గర. యజమాని పాస్‌పోర్టు గుంజుకున్నాడు. కాలికి కంచె ఇనుము గీరుకుని చీము పట్టింది. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. "మంచిగున్నడని చెప్పు, లేకుంటె ఇజ్జత్ పోతది" అని అజయే అన్నాడు. అతని పరువు కోసం గీత అడిగినవాళ్లందరికీ నవ్వుమొహం పెట్టుకుని అదే చెప్పింది. ఇప్పుడా అబద్ధమే ఆమెను శుభశకునం చేసి కూర్చోబెట్టింది.

ఇంతకుముందు ఒకసారి కోరుట్లలో దశరథం ఆఫీసుకు, అజయ్‌ని రప్పించమని అడగడానికి గీత ఒంటరిగా వెళ్లింది. "కాయితం మీద సంతకం గాయనే వెట్టిండు. నా చేతుల ఏం లేదు" అని వాడు ఆమెను బయటికి పంపి తలుపేసుకున్నాడు.

అజయ్‌కి చదరంగం పిచ్చి. మొదటిసారి వెళ్లినప్పుడు లేబర్ క్యాంపులో నేర్చుకున్నాడు. శుక్రవారం సెలవు కదా, అట్టముక్క మీద గళ్లు గీసి, నీళ్ల సీసాల మూతలను పావులుగా పేర్చి ఫోటో పంపేవాడు. ఒక్క ఎత్తుతో ఎన్ని పావులకు గురిపెడతావో చెప్పమనేవాడు. మొదట్లో విసుక్కున్న గీత, పోనుపోను కూరలో ఉప్పు వేయడం మరిచిపోయేంతగా అందులో పడిపోయింది. ఇప్పుడు దొడ్డి దగ్గర మూతలు కూడా లేవు. గులకరాళ్లు మంత్రులు, గొర్రె పెంటికలు బంట్లు. మొన్నటి ఫోటోలో గుర్రాన్ని దూకించి ఒకేసారి మూడు పావులకు గురిపెట్టానని గీత సంబరపడింది. అజయ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"గా గడిల బంటు కొడ్తదే పిచ్చిదాన. గుర్రాన్ని ఎవ్వలు కొట్టలేని గడిల వెట్టు. గప్పుడు సూడు, రాజు, మంత్రి, ఏనుగు, ఏదాన్ని కాపాడుకోవాల్నో వానికే తెల్వది."

ఆ కోరుట్ల ఆఫీసు బంటు కొట్టే గడి అని గీతకు అప్పుడు తెలిసొచ్చింది. ఎదురొచ్చే ఆడమనిషిని మాత్రం ఎవరూ పక్కకు నెట్టరు. నెడితే పయనానికే కీడు. ఎదురొస్తానని సత్యవ్వకు మాటిచ్చింది.

పయనం పొద్దున సత్యవ్వ వాకిలి నిండా జనం. దశరథం కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు, భుజాన కొత్త తువ్వాల. తర్వాత పోవాల్సినవాళ్లు చుట్టూ చేరి అన్నా అన్నా అంటున్నారు. ప్రేమ్‌కుమార్ బ్యాగు తగిలించుకుని గడప దాటాడు. గీత ఎదురొచ్చింది. బొట్టు పెట్టలేదు. బిందె దించి, ఫోను తీసి, అజయ్ రాత్రి పంపిన మెసేజ్ గట్టిగా పెట్టింది.

"గీతా, కాలు నల్లవడ్డది. దవఖానకు తోల్కపొమ్మంటె కొట్టిండ్లు. దశరథమన్న ఫోన్ ఎత్తుతలేడు."

దశరథం విసురుగా లేచాడు కానీ, ఎదురుగా నిలబడ్డ మనిషిని నెట్టడానికి వాడికీ చెయ్యి రాలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"చెల్లె, ముందు బొట్టు వెట్టు. పిలగాన్ని పోనీ. వారంల అజయ్‌ని రప్పిస్త, నాది జిమ్మ" అని పూచీపడ్డాడు.

గీత వచ్చింది దీనికోసమే కదా! ఒక్క బొట్టు పెడితే అజయ్ ఇల్లు చేరతాడు. ఎదురుగా ప్రేమ్‌కుమార్, వాడి కొత్త బూట్లు, చేతిలో తల్లి పెట్టిచ్చిన పచ్చడి డబ్బా. దొంగనాయాలు నాకే రెండు దిక్కులా గురిపెట్టాడు అనుకుంది. అంతలోనే వాడన్న మాట లోపల గుచ్చుకుంది. రక్తం తలకెక్కింది.

"గీ మాట అందరు ఇనేటట్టు చెప్పు."

"ఏం మాట?"

"రప్పిస్తనన్నవ్ గద! అంటె నీ చేతులనే ఉన్నది. ఇన్నొద్దులు నా మొగని కాలు మురుగుతుంటె ఊకె సూసినవ్!"

సత్యవ్వ గభాలున వచ్చి కొడుకు భుజం మీది బ్యాగు గుంజి ఇంట్లోకి విసిరేసింది. "నా కొడుకు పోడు" అంది. అన్నా అన్నా అన్నవాళ్లలో ఒకడు దశరథం బైకు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఇంకొకడు జగిత్యాలకు పోయి కేసు పెడదాం పదండన్నాడు. దశరథానికి ఈ పయనం పోయింది, రాబోయే పయనాలు పోయాయి, పరువూ పోయింది. కేసొక్కటైనా తప్పించుకోవాలని వాడు మళ్లీ కుర్చీలో కూలబడి, అందరి ముందు స్పీకర్ పెట్టి గల్ఫులోని తన మనిషికి ఫోన్ చేశాడు. చెమటలు కక్కుతూ బతిమాలాడు. గీతకు పిసరంత జాలి కలగలేదు.

అజయ్ తిరుగు టికెట్ ఫోనులో కనబడేదాకా ఎవరూ వాణ్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఆ వెంటనే అజయ్ ఫోన్ చేశాడు. పాస్‌పోర్టు చేతికొచ్చిందట. గొంతులో సంతోషం లేదు.

"ఊళ్లె అందరికి తెలిసిందా? ఇజ్జత్ పోయిందే, గీతా."

"పోయింది" అంది గీత, ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొస్తుంటే. "నేనే తీసిన. కాలు ఉండంగ ఇంటికి రా."