నితిన్ పేరు పక్కన పచ్చ చుక్క

తాళం బొమ్మ నిన్న లేదు, కచ్చితంగా లేదు, నిన్న మధ్యాహ్నం కూడా అత్త కునుకు తీసే వేళకు హేమలత టీవీ పెట్టి, టీవీలో ఆటలాడే డబ్బాకు కరెంటిచ్చి, దీవి ఆటను తెరిచి చూసింది, మొగుడు నితిన్ ఆటలో నడిపే బొమ్మ ఎప్పటిలాగే పడవ పక్కన నీలం చొక్కాలో నిలబడే ఉంది, ఇవాళ మాత్రం ఆట పేరు మీద చిన్న తాళం, నొక్కితే ఇంగ్లీషులో రెండు ముక్కలు, మరాఠీ బడిలో చదువుకున్న ఆమె వాటిని కూడబలుక్కుని చదివింది, ఈ ఆట మీదేనని రూఢి చేసుకోవాలి, ఇంటర్నెట్‌కు కలపండి అని, మీదేనని అంటే ఎవరిదని, కొన్నవాడు మే నెల ఎండల్లో పోయాడు, బొగ్గు గనిలో డంపర్ దిగి ఇంటికొచ్చి, తల పలిగిపోతుందే అని కూలరు ముందు వాలినవాడు చంద్రపూర్ ఆసుపత్రికి చేరేలోపే పోయాడు, ఇప్పుడు వానాకాలం, కిటికీ అవతల సాస్తి గని మట్టి గుట్టల మీద సన్నగా జల్లు పడుతోంది, పెళ్లాన్ని అడగాల్సిన మాట కాదని ఈ డబ్బాకు ఎవరు చెప్పాలి, ఎవరూ చెప్పలేదు, అందుకే అడుగుతోంది, మీదేనా అని.

కలపడానికి పెద్ద పనేమీ లేదు, నెట్టు వైరు టీవీ వెనక వేలాడుతూనే ఉంది, దాన్ని పీకింది తనే, దినాలైపోయి చుట్టాలంతా వెళ్లిన మర్నాడు ఏమీ తోచక డబ్బా పెడితే తెర మూల నితిన్ పేరు వెలిగింది, పేరు పక్కన పచ్చ చుక్క, మనిషి వచ్చాడు, ఆటలో ఉన్నాడు అని దోస్తులకు చెప్పే చుక్క, అది వెలిగిన కాసేపటికే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒకటి పాకుతూ వచ్చింది, అన్నా వచ్చినవా, ఏడున్నవే ఇన్ని దినాలు, షోలాపూర్ ఎల్లన్న, నితిన్ ఎన్నడూ ముఖం చూడని దోస్తు, టవళ్ల మగ్గాల దగ్గర పనిచేసేవాడు, ఒకసారి ఆట మధ్యలో నితిన్ అమ్మా నీళ్లియ్యవే అని కేకేస్తే అటునుంచి, అరే మీరు మనోళ్లా అని నవ్వినవాడు, అంతకుముందు హిందీలో మాట్లాడుకున్న ఇద్దరూ ఆ రోజు నుంచి తెలుగులోకి దిగారు, ఫోన్ నంబర్లు మాత్రం ఇచ్చిపుచ్చుకోలేదు, అవసరం పడలేదు, పచ్చ చుక్క ఉంటే చాలు కదా, ఆ మాట చూడగానే హేమలతకు కరెంటు కొట్టినట్టయి వైరు పీకి పారేసింది, చనిపోయిన మనిషిని తను లేపి గుమ్మంలో నిలబెట్టినట్టు, ఎవరో చూసి పలకరించినట్టు అనిపించింది, అప్పటినుంచి వైరు లేకుండానే ఆట తెరిచేది, తెరిచాక ఏ మీటా నొక్కేది కాదు, ఊరికే చూసి ఆర్పేసేది, ఆఖరిసారి డ్యూటీకి వెళ్తూ అతను తన బొమ్మను ఎక్కడ ఆపాడో అక్కడే ఉండాలి, అంగుళం జరగకూడదు.

ఆట డిస్కులైతే ఇట్లా అడిగేవి కావు, రేకు డబ్బాలో ఉన్నాయి ఇంకా, పెళ్లయిన కొత్తలో నాగ్‌పూర్ దుకాణం నుంచి కొరియర్‌లో తెప్పించేవాడు, కొరియర్ పిల్లగాడు వర్ధా నది దాటి ఈ ఊరికి వచ్చేవాడు కాదు, బల్లార్‌పూర్‌లోనే దించి ఫోన్ చేసేవాడు, ఇద్దరూ బండి మీద వెళ్లి తెచ్చుకునేవాళ్లు, ఒక ఏడాది నది పొంగి వంతెన మునిగింది, ఒడ్డున నిలబడి ఎర్రటి నీళ్లను చూస్తూ నితిన్, చూడు, మన ఆట గా ఒడ్డుకున్నది, మనం గీ ఒడ్డుకున్నం అని నవ్వాడు, నీళ్లు తగ్గాక వెళ్లి తెస్తే డిస్కు నడుమకు పలిగి ఉంది, అప్పుడన్నాడు, ఇగ చాలు, డౌన్‌లోడే చేసుకుందం, గది పలగది, వానల తడవది, రాత్రి పెట్టి పంటే తెల్లారేసరికి ఇంట్లుంటది, నిజంగానే తెల్లారేసరికి ఉంది, తలుపు తట్టకుండా, ఎవరి సంతకం అడగకుండా ఇంట్లోకి వచ్చి కూర్చుంది, ఆమెకు అదేమిటో అప్పుడే జంకు పుట్టింది, చేతిల పట్టరానిది మనదెట్లయితది అంటే అతను, మరి కరెంటు చేతిల పట్టుకుంటున్నమా అని ఎకసెక్కమాడాడు, దానికి జవాబు ఆమె దగ్గర ఇప్పుడు ఉంది, చెప్పడానికి అతను లేడు, డిస్కు ఎవరి చేతిలో ఉంటే వాళ్లది, పెట్టుకుని ఆడుకోమంటుంది, పేరు అడగదు, ఈ డౌన్‌లోడు ఆట మాత్రం ఎక్కడో ఎవరి దగ్గరో ఉండి, ఇన్నాళ్లూ ఊరుకుని, ఈ రోజు తాళం వేసి, నితిన్ ఏడి, ఒకసారి నితిన్‌ని చూపించు అంటోంది.

కలపకపోతే ఆ దీవి ఇక తెరుచుకోదు, పడవ పక్కన నీలం చొక్కా మనిషి లోపలే ఉండిపోతాడు, కలిపితే పచ్చ చుక్క, ఆ చుక్కను చూసి ఎల్లన్న, అతను టీవీలోంచి అన్నా నితినన్నా అని పిలుస్తాడు, ముందు గదిలో అత్త దుర్గమ్మ పడుకుని ఉంది, ఆమెకు నిద్ర ఎప్పుడూ పలచనే, కొడుకు పోయాక మరీ పలచన, ఇంట్లో మగ గొంతు ఒకటి కొడుకు పేరు పెట్టి పిలిస్తే ఆ ముసలామె గుండె ఏమవుతుంది, అనుకుంటుండగానే గనిలో బ్లాస్టింగ్ పేలింది, రోజూ పేలేదే, కిటికీ అద్దాలు జిల్లున అదిరాయి, గూట్లో గిన్నె ఒకటి పక్క గిన్నెకు తగిలింది, హేమలత చేతిలో ఆట రిమోటు జారి ఒళ్లో పడింది, ఏందే హేమా గా చప్పుడు, అంది అత్త ముందు గదిలోంచి, గనిల బ్లాస్టింగ్ అత్తా, నువ్వు పండుకో, అంది, తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది, దొంగతనమేముంది ఇందులో, మొగుడి ఆటను మొగుడి డబ్బాలో తెరవడం, అయినా అతని పేరు వాడుకుని లోపలికి పోవాలి, అతనై పోవాలి, ఆట అమ్మిన కంపెనీవాళ్లకు అతను లేడని తెలిస్తే మొత్తం తీసేసుకుంటారేమో, తెలియకపోతే ఎన్నాళ్లు అతనై ఉండాలి, వద్దు, ఇవాళ వద్దు అనుకుంటూనే లేచింది, వైరు వెతికింది, కొన మీద దుమ్ము, చీర చెంగుతో తుడిచింది, గుచ్చింది.

డబ్బా మీద దీపం కాసేపు కొట్టుకుంది, తెర మూల అతని పేరు, పక్కన ఆ చుక్క, బొండుమల్లె మొగ్గంత పచ్చన, తాళం మాయమైంది, దీవి తెరుచుకుంది, సముద్రం, దోస్తులిద్దరూ కట్టిన గుడిసె, పడవ, పడవ పక్కన నీలం చొక్కా, హమ్మయ్య అనుకోబోతుంటే దూరంగా నీళ్ల మీద ఇంకో పడవ కదిలింది, నేరుగా వాళ్ల ఒడ్డుకే, దీవికి ఎప్పుడైనా రమ్మని నితిన్ ఎల్లన్నకు దారి తెరిచిపెట్టాడు కదా, ఆ సంగతే మరిచిపోయింది, అన్నా, అరే నితినన్నా, అని టీవీ మొత్తుకుంది, గదంతా ఆ గొంతే, ముందు గదిలో మంచం కిర్రుమంది, హేమలత ఒక్క దూకున గోడ మేకుకున్న మైకు హెడ్‌ఫోన్ లాగి వైరును ఆట రిమోటుకు గుచ్చింది, టీవీ మూగబోయింది, మంచం ఇంకోసారి కిర్రుమని ఊరుకుంది, అత్త వినలేదు, విన్నా కలనుకుని ఉంటుంది, హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా ఏదో మాట వస్తూనే ఉంది, దాన్ని ఆమె అతను పోయాక ముట్టలేదు, చెవికి పెట్టుకుంటే అతని తల నూనె వాసన, బొగ్గు దుమ్ము వాసన, ఆ వాసన మధ్యలోంచి ఎల్లన్న, ఏం అన్నా పలకవ్, మా మీద కోపమొచ్చిందా, మైకు ఖరాబైందా, సరే సరే, కదులు, నీ పడవ తియ్యి, నీకోసం దీవంతా ఆగమాగమున్నది, అంటున్నాడు, ఆ గొంతులో ఎంత సంబరమో, అన్ని నెలల్లో ఈ ఇంటికి వచ్చిన ఏ గొంతులోనూ అంత సంబరం లేదు, ఆమె బొటనవేలు తనకు తెలియకుండానే కదిలింది, నీలం చొక్కా మనిషి పడవ దగ్గర్నుంచి ఒక అడుగు వేశాడు, గట్లుండాలె, అన్నాడు ఎల్లన్న, ఇంకో అడుగు వేశాడు, ఇంకోటి, ఆమెకు జంకు పుట్టింది, ఎందుకంటే బాగుంది, నడుస్తుంటే బాగుంది, రోజూ మధ్యాహ్నం ఇట్లా నడిపిస్తే షోలాపూర్‌లో ఒక మనిషికి నితిన్ ఉంటాడు, మైకు ఖరాబైన నితిన్, పలకని నితిన్, ఎన్నేళ్లయినా ఉంటాడు, ఎవరూ కనిపెట్టరు, అన్నిటికంటే ఆ ఆలోచనకే ఆమె ఎక్కువ భయపడింది, వేలు తీసేసింది, బొమ్మ ఇసుకలో ఆగిపోయింది.

అన్నా, అంది, ఎల్లన్నా, నేను హేమలతను, ఆయన ఇంటిదాన్ని, అటుపక్క మగ్గాల చప్పుడు కొంచెం వినిపించింది, అయ్యో వదినా, నమస్తే, నేను ఎవరనో అనుకున్న, అన్న డ్యూటీకి వోయిండా, అన్నాడు ఎల్లన్న, ఎంత తేలిగ్గా అడిగాడో, ఔ అంటే చాలు, ఆ ఒక్క అక్షరం నోటి దాకా వచ్చి నిలబడింది, ఇన్ని నెలల్లో ఈ మాట చెప్పే పని తనకు పడనేలేదు, చుట్టాలకు మరిది మారుతి ఫోన్లు చేశాడు, ఊరికి అత్త ఏడుపు చెప్పింది, గని ఆఫీసులో ఎవరో రాసుకున్నారు, తన దగ్గరికి వచ్చినవాళ్లంతా తెలిసే వచ్చారు, తలలు వంచుకునే వచ్చారు, తెలియని మనిషి ఎదుటపడటం ఇదే మొదలు, లేడన్నా, అంది, మే నెలల ఎండదెబ్బ తగిలి సచ్చిపోయిండు, అంది, మాట బయటికి వచ్చాక అటుపక్క మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, తర్వాత ఎల్లన్న చాలా చిన్న గొంతుతో, మరి ఇన్ని దినాలు అన్న షిఫ్టులల్ల ఉన్నడనుకున్న వదినా, అన్నాడు, హేమలత గోడకు ఒరిగింది, భయం లేదు ఇప్పుడు, వెతికినా లేదు, దాని చోట కడుపులోంచి ఏడుపు మెల్లగా మొదలవుతోంది, ఇసుకలో ఆగిన నీలం చొక్కా వంక చూస్తుంటే ఆమెకు అర్థమైంది, నితిన్ డ్యూటీకి వెళ్లాడనుకుంటున్న మనిషి షోలాపూర్ ఎల్లన్న ఒక్కడే కాదు, ఈ ఇంట్లో, ఈ టీవీ ముందు, మే నెల నుంచి ఇంకో మనిషి కూడా అట్లాగే అనుకుంటూ కూర్చుని ఉంది.