రెండు పొట్లాల్లోనూ ఎర్రపువ్వే

ఎటూ తేలని విషయం వస్తే దేవుడి దగ్గర పూలు పెట్టి అడగడం మా అత్తగారి రోజుల నుంచీ మా ఇంట్లో ఉంది. ఒక కాగితంలో తెల్ల గన్నేరు, ఇంకో కాగితంలో ఎర్ర గన్నేరు పెట్టి, రెండూ ఒక్కలా మడిచి దేవుడి ముందు ఉంచుతాం. దీపం వెలిగించి, మనసులో సంగతి చెప్పుకుని, పసిపిల్ల చేత ఒక పొట్లం తీయిస్తాం. తెల్లది వస్తే చెయ్యమని, ఎర్రది వస్తే వద్దని. పొట్లాలు మడిచే పని నాది.

రెండువేల మూడు ఆగస్టులో మా ఆయన హరనాథ్ గారి గుండె గురించి అలా అడిగాం. అప్పటికి మేం దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో గవర్నమెంటు క్వార్టర్లో ఉన్నాం. ఆయన మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరు. రక్తనాళాలు మూడు పూడుకుపోయాయి, బైపాస్ చేయించుకోవడం మంచిది అన్నాడు డాక్టరు.

"చేయించకపోతే?" అన్నాను.

"మందులతో కొంతకాలం గడవొచ్చు. ఎంతకాలమో నేను చెప్పలేను."

నా తొమ్మిదో ఏట మా అమ్మను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. లోపలికి వెళ్తూ "తమ్ముడికి అన్నం పెట్టు" అంది. అదే ఆఖరి మాట. ఆ తర్వాత నా వాళ్ళెవరు గడప దాటినా, తిరిగొచ్చేదాకా నాకు ఒక చోట కాలు నిలవదు. డాక్టరు నోటి వెంట ఆపరేషన్ అన్న మాట రాగానే నాకు వినపడింది అమ్మ గొంతే.

ఇంటికొచ్చాక మా ఆయన నా మొహం చూసి నవ్వారు. "ఏమిటోయ్ భానూ, అప్పుడే నా దినం పెట్టేసేలా ఉన్నావు! ఫైలు పైకి పంపుదాం. ఆర్డరు ఆయనే వేస్తాడు."

"ఆయనకి అన్నీ ముందే తెలుసంటారుగా. మళ్ళీ మనం అడగడం దేనికి?"

"మా సెక్రటరీ గారికీ అన్నీ తెలుసు. అయినా కింద నుంచి నోటు రానిదే సంతకం పెట్టడు. నేనేం రాస్తానో ఆయనకి ముందే తెలిస్తే తెలియనీ, కలం పట్టుకునేది నేనేగా!"

ఆ మాట మీద ఆయనే గట్టిగా నవ్వుకుని స్నానానికి వెళ్ళారు.

నేను క్వార్టర్ల వెనక గన్నేరు పొదల దగ్గరికి వెళ్ళాను. తెల్లది కోశాను. ఎర్రది కోశాను. కాసేపు నిలబడి ఇంకో ఎర్రది కోశాను. తెల్లదాన్ని పొదలోకి విసిరేశాను. ఆ చెయ్యి నాదే. ఎవరూ పట్టుకుని కోయించలేదు.

మా అమ్మాయి ఉషశ్రీ, కూతురు నేహాతో అప్పుడు మా ఇంట్లోనే ఉంది. నేహాకి రెండున్నరేళ్ళు. తాతయ్య ఒళ్ళోంచి దిగి ఒక పొట్లం తీసి, తనే విప్పి, "లాల్!" అని అరిచింది, ఎర్రదని హిందీలో. మా అల్లుడు హేమసుందర్‌కి ఉష ఫోన్ చేసి చెప్పింది. అతను మిలిటరీలో ఉన్నాడు.

"ఫైలు తిరిగొచ్చేసింది," అన్నారు మా ఆయన పువ్వు కళ్ళకద్దుకుని. "ఇంక వాదన లేదు." ఆయన మొహం అంత తేటగా ఉండటం అన్నాళ్ళలో అదే చూశాను. రెండో పొట్లం నా బొడ్లో ఉంది.

జనవరిలో పొగమంచు రోజు, ఆఫీసుకని బయల్దేరి, బస్టాపులో క్యారియరు చేత్తో పట్టుకునే కూలిపోయారు. ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్పారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

మూడో రోజుదాకా ఉష నీళ్ళు కూడా ముట్టలేదు. ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని, "అమ్మా, మనం బలవంతాన ఆపరేషన్ చేయించాల్సింది అనుకుంటున్నా ఇందాకటిదాకా. కానీ దేవుడే వద్దన్నాడు కదా. మన చేతిలో ఏముంది?" అంది. అని, నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ తర్వాత మూడేళ్ళు ఆ ఒక్క మాట పట్టుకునే అది లేచి తిరిగింది. నేను మూడేళ్ళూ అసలు సంగతి చెప్పలేదు.

చదువుకోవడం మొదలుపెట్టాను. బడి ముఖం పెద్దగా చూసినదాన్ని కాదు, అయినా తెలుగు సంఘం లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా తెచ్చి, అర్థం కాకపోతే రెండుసార్లు చదివేదాన్ని. దేవుడి ఆజ్ఞ లేనిదే ఏదీ జరగదని ఒకచోట ఉండేది. అలాగైతే మూడో పువ్వు కోసింది ఆయనే, నాకు పాపం లేదు. హాయిగా ఉండేది. కానీ మర్నాడు పొద్దున ఆ దేవుడికి దణ్ణం పెట్టబుద్ధయ్యేది కాదు. నా చేత్తో నా మొగుణ్ణి తీసుకుపోయినవాడికి ఏమని పెట్టను? చేసినదాని ఫలం చేసినవాళ్ళదే అని ఇంకో పుస్తకంలో ఉండేది. ఆ దేవుడికైతే దణ్ణం పెట్టగలిగేదాన్ని. తలెత్తి చూడలేకపోయేదాన్ని.

రెండువేల ఏడు నాటికి నేను ఊరి అంచున ఉన్న వైశాలిలో ఉష దగ్గర ఉన్నాను. హేమసుందర్‌కి అస్సాం వైపు పోస్టింగు. నేహా స్కూల్లో పిల్లల్ని పరీక్ష చేసిన డాక్టరు దాని గుండెలో ఏదో చప్పుడుందన్నాడు. పెద్ద ఆసుపత్రిలో చూపిస్తే, గుండె గోడకి రంధ్రం ఉంది, ఇప్పుడే ఆపరేషన్ చేసి మూసేస్తే నయం, ఆలస్యమైతే ఊపిరితిత్తులు పాడవుతాయి అన్నారు. "నువ్వూ డాక్టరూ ఎలా అంటే అలా" అన్నాడు హేమసుందర్ ఫోన్లో.

ఉష వారం రోజులు తేల్చుకోలేకపోయింది. చివరికి వంటింట్లోకొచ్చి, "రేపు పూలు పెట్టమ్మా" అంది.

నేను స్టవ్వు ఆపేశాను. "డాక్టరు చేయించమన్నాడుగా."

"నాన్నకీ చేయించమనే అన్నాడు డాక్టరు. దేవుడు వద్దన్నాడు. ఇప్పుడూ ఆయన్నే అడుగుదాం. ఎర్రది వస్తే నేను దీన్ని ఎక్కడికీ పంపను. అంతే."

మర్నాడు పొద్దున అపార్ట్‌మెంట్ కింద గన్నేరు చెట్టు దగ్గరికి వెళ్ళి రెండూ తెల్లవే కోశాను. ఈసారి మంచికే కదా అనుకున్నాను. పిల్ల బాగవుతుంది, ఉష నిశ్చింతగా ఉంటుంది, పాతదానికి ఇది చెల్లు. పొట్లాలు మడిచి పెట్టి దీపం వెలిగించాను. నేహా తలంటి పోయించుకుని వచ్చి పీటమీద కూర్చుంది.

"అమ్మమ్మా, తెల్లది వస్తే దర్ద్ హోగా క్యా?"

"కొంచెం నొప్పి అవుతుంది తల్లీ."

"ఔర్ లాల్ వాలా?"

ఎర్రది రాదు. ఆ సంగతి నాకు తెలుసు, దేవుడికి తెలుసు. కాగితం లోపల ఏముందో ఆ రోజూ ఆయనకి తెలుసు. తెలిసీ నా చెయ్యి పట్టుకోలేదు. నేహా వేళ్ళ మధ్య ఆ ఎర్రపువ్వు తెల్లగా మారలేదు. ఎందుకు ఆపలేదని మూడేళ్ళు ఆయనతో పోట్లాడాను. ఇప్పుడు కూడా ఆపడని పీటముందు కూర్చున్నాక తెలిసింది. ఎన్నిసార్లైనా ఆపడు. పిల్ల చెయ్యి చాచేలోగా పొట్లాలు రెండూ నేనే విప్పేశాను.

"ఇదేంటమ్మా? రెండూ తెల్లవే పెట్టావు!" అంది ఉష.

"ఆ రోజు రెండూ ఎర్రవే పెట్టాను."

ఉష పిల్లకేసి తిరిగింది. "నేహా, అందర్ జావో. లోపలికెళ్ళి టీవీ చూడు," అంది. పిల్ల వెళ్ళాక, "నాన్నకా?" అంది.

"ఊఁ. ఆపరేషన్ అంటే భయమేసింది."

"నా కూతురి చేత తీయించావు."

"అవును."

"నాన్న ఆ పువ్వు కళ్ళకద్దుకున్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు!"

"ఉన్నాను."

"దేవుడు చూస్తూ ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు. ఎందుకో నాకు తెలీదు ఉషా. ఇవాళ మాత్రం పూలు వద్దు. నువ్వేం అంటావో ఆయనకి తెలిసే ఉంటుంది. అయినా అనాల్సింది నువ్వే."

"ఇంకొక్క మాట మాట్లాడకు," అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

మధ్యాహ్నం తనే ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ అడిగింది.

హేమసుందర్ సెలవు పెట్టి వచ్చాడు. ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. ఉష తలుపు దగ్గర, నేను వరండా చివర బెంచీ మీద. డాక్టరు బయటికొచ్చి అంతా బాగానే అయిందని చెప్పాక, అల్లుడు ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "అంతా దేవుడి దయ అత్తయ్యా!" అతనికి ఏమీ చెప్పలేదు ఉష. నాకేసి చూడనూ లేదు.

నేహా మళ్ళీ స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టిన వారానికి, ఉష నా బట్టలు మంచం మీద వేసుకుని సర్దుతోంది. ఏ చీరకి ఆ జాకెట్టు పెట్టి మడుస్తోంది.

"కొన్నాళ్ళు కాంతమ్మ పిన్ని దగ్గర ఉండమ్మా."

మా చెల్లెలు ఆర్.కె. పురంలోనే ఉంటుంది. "ఎన్నాళ్ళే?" అన్నాను.

"తెలీదు." మడత పెట్టిన చీరనే మళ్ళీ విప్పింది. "నిన్ను చూస్తే నాన్న బతికుండేవాడే అనిపిస్తుంది. అన్నం పెడుతుంటే కూడా అదే. క్షమించేద్దామని రోజూ అనుకుంటాను. అవడం లేదు. అది నా చేతిలో లేదమ్మా."

దేవుడే చేయించాడనుకోవే అని నేనంటే చాలు. నమ్మేది. నమ్మి ఆ పెట్టె పక్కకి తోసేసి, వంట చెయ్యడానికి లేచేదేమో. మాట నాలుక దాకా వచ్చింది.

"మందుల సంచీ పైన పెట్టు, దార్లో కావాలి" అన్నాను.