బావలిద్దరి ప్రార్థన

ఆ కళ్ళద్దాల షాపులో ముందు గది భర్తది, వెనక గది భార్యది. ముందు గదిలో ఆయన గోడకు తగిలించిన అక్షరాలు చదివిస్తూ, కంటి ముందు ఒక్కో బిళ్ళా మారుస్తూ, ఇది బాగుందా అది బాగుందా అని ఓపిగ్గా అడుగుతుంటాడు. డాక్టరు చదువు చదవకపోయినా వీధంతా ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తుంది. వెనక గదిలో ఆమె ఆయన రాసిచ్చిన నంబరు చూసి, అద్దం మీద మధ్యచుక్క పెట్టి, నీళ్ళు కారుతుండే సానచక్రం మీద అంచులు అరగదీసి, వేడిగాలికి మెత్తబడ్డ ఫ్రేములో అద్దాన్ని ఇమిడ్చి బిగిస్తుంది. ముక్కు మీంచి జారిపోయే అద్దాలూ, చెవి వెనక ఒరుసుకునే కాడలూ ఆమె చేతిలో పడితే దారికొస్తాయి. ఆమెను అందరూ అద్దాలక్క అంటారు.

అద్దాలక్కకు దేవుడంటే ప్రాణం. ఆయనకు ఆ మాటంటేనే చిరాకు. పెళ్ళయిన కొత్తలో ఆయన కూడా భార్యతో పాటు ప్రార్థనా మందిరానికి వెళ్ళి, వెనక వరుసలో కూర్చుని ఆవులిస్తుండేవాడు. పుట్టిన ఒక్క బిడ్డా పోయాక ఆ వెళ్ళడం మానేశాడు. ఎందుకు మానేశారని ఆమె అడగలేదు. బిడ్డ పోయిన బాధ ఒక్కొక్కరిని ఒక్కో దారిన తీసుకుపోతుంది, ఈయన్ని ఇటు తీసుకుపోయింది అనుకుని సరిపెట్టుకుంది.

ఆ మందిరంలో గ్రంథం వివరించేది ఆమె సొంత అన్నయ్యే. వారమంతా బడిలో లెక్కలు చెప్పి, సెలవు రోజున దేవుడి మాట చెబుతాడు. గొంతు మంచిది, మనసూ మంచిదని పేరు. ప్రసంగం ముగించుకుని తిన్నగా చెల్లెలి ఇంటికే భోజనానికి వచ్చేవాడు. అన్నం ముందు కూర్చున్నది మొదలు బావలిద్దరికీ వాదన. ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు కాబట్టి, వంటింట్లోంచి వినేవాళ్ళకు ఏ బావ ఏ బావని తిడుతున్నాడో తెలిసేది కాదు.

లేనివాడి మీద అంత కోపం దేనికి బావా అని అన్నయ్య దెప్పేవాడు. ఉన్నాడని మీరంటున్నారు కాబట్టే ఈ గొడవ, లేడని మీరూ ఒప్పేసుకుంటే నేను హాయిగా కునుకు తీస్తాను కదా అని ఈయన జవాబు. కూర చల్లారిపోతోంది, దేవుడు ఎక్కడికీ పోడు, ముందు తినండి అని ఆమె ఇద్దర్నీ కసిరేది. నిజానికి ఆమెకు ఆ వాదనలంటే ఇష్టమే. ఇంట్లో పిల్లల అల్లరి లేని లోటు ఆ కాసేపు తెలిసేది కాదు.

బిడ్డ సంగతి ఆమెకు తెలిసింది చాలా తక్కువ. నొప్పులు మొదలైన మర్నాటికి రక్తం ఆగకుండా పోయింది. ఆస్పత్రిలో చక్రాల బల్ల మీద పడుకోబెట్టి తీసుకుపోతుంటే పైన లైట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోవడం గుర్తుంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి గర్భసంచి లేదు, పాపా లేదు. మంచం పక్కన కూర్చుని అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కారణం అడక్కు అమ్మడూ, అది మనకు అందేది కాదు, నువ్వు బతకడం ఆయన దయ, పాప పోవడం ఆయన చిత్తం అన్నాడు. ఆ రెండు మాటలే పట్టుకుని ఆమె లేచి నిలబడింది. ఏటా ఆ రోజున మందిరంలో అందరి ముందూ నించుని, చచ్చి బతికిన తన కథ చెప్పి, దేవుడికి కృతజ్ఞతగా పాట పాడేది. అన్నయ్య పక్కనే నించుని కళ్ళు తుడుచుకునేవాడు. ఆ రోజు మాత్రం భర్త షాపు తలుపు సగం దించి, అక్కర్లేకపోయినా అరల్లోని ఫ్రేములన్నీ తీసి తుడుస్తూ కూర్చునేవాడు.

మందిరం పెద్దలకు ఒకసారి కొత్త ఆలోచన వచ్చింది. కుర్రకారు అడిగే ప్రశ్నలకు మొహం చాటేసే బదులు, నమ్మేవాడినీ నమ్మనివాడినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడిద్దామన్నారు. దేవుడు మంచివాడేనా అన్నది విషయం. నమ్మనివాళ్ళలో మర్యాదగా మాట్లాడేది డాక్టరుగారేనని ఆయన్ని పిలిచారు. ఆయన ముందు వద్దన్నాడు. ఆమే పట్టుబట్టింది. వారం వారం మా వంటింట్లో జరిగేది నలుగురూ వింటే ఏం పోయిందని నవ్వింది. సభకు ముందు ఇంట్లో టీ తాగుతూ అన్నయ్యే ఒక మాట అన్నాడు.

"ఎంతయినా అనుకుందాం బావా. కానీ ఇంటి సంగతులు మాత్రం బయటికి రావద్దు. గ్రంథంలో ఉన్నదాని మీదే మాట్లాడుకుందాం."

"నేను అడగబోయింది మీరే అన్నారు" అన్నాడు భర్త. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కనిపించిన తేలిక దేనికో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం మందిరం కిక్కిరిసింది. ఆమె మొదటి వరుసలో కూర్చుంది. వేదిక మీద అటు అన్నయ్య, ఇటు భర్త. ఎవరు గెలిచినా తనకు సంతోషమే అని పక్కావిడతో చెప్పింది కూడా.

భర్త ప్రళయం కథ ఎత్తుకున్నాడు. మనుషులు చెడిపోయారని దేవుడు లోకాన్నంతా నీళ్ళలో ముంచాడని గ్రంథంలో ఉంది. పెద్దవాళ్ళ సంగతి వదిలేద్దాం, ఆ నీళ్ళలో ఊయలలు కూడా మునిగాయి కదా, అందులో ఉన్నవాళ్ళు ఏ తప్పు చేశారని అడిగాడు. గొంతు పెంచలేదు. అన్నయ్య నిదానంగానే జవాబు చెప్పాడు. ప్రాణం ఇచ్చినవాడిది, తీసుకునే హక్కూ ఆయనదేనన్నాడు.

"నా షాపులో ఫ్రేము నాదే. విరగ్గొట్టే హక్కూ నాకుంది. కానీ విరిగేటప్పుడు ఫ్రేముకి నొప్పి తెలీదు బావగారూ. పిల్లకి తెలుస్తుంది" అన్నాడు భర్త.

వెనక ఎక్కడో ఒక ముసలమ్మ, నిజమే కదా నాయనా అని పైకే అనేసింది. కొందరు కుర్రాళ్ళు నవ్వారు. అన్నయ్య గ్రంథం పేజీలు అటూ ఇటూ తిప్పాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మందిరం పెద్దలు తనకేసి చూస్తున్నారు. ఇన్నేళ్ళుగా తను కూర్చున్న కుర్చీ ఎదురుగా తన మనుషులే నవ్వడం ఆయన ఎన్నడూ ఎరగడు. అప్పుడు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

మా బావ ఎన్నడూ ప్రార్థన చేయలేదని మీరనుకుంటున్నారు, చేశాడు అని మొదలుపెట్టాడు. భర్త చటుక్కున తలెత్తి, వద్దు బావా అన్నాడు. ఆ మాట మైకులో పడలేదు. మొదటి వరుసలో ఉన్న ఆమెకు వినిపించింది.

"ఆస్పత్రి వరండాలో నా పక్కనే మోకాళ్ళ మీద పడ్డాడు. బిడ్డని నువ్వు తీసుకో, ఆమెని నాకు వదిలెయ్యి అని ఏడుస్తూ అడిగాడు. ఈ చెవులతో విన్నాను. దేవుడు వినలేదా? అదుగో, మా చెల్లెలు మీ ముందే కూర్చుని ఉంది. దేవుడు మంచివాడు కాడని ఈయన ఏ నోటితో అంటాడు?"

చప్పట్లు మోగాయి. జనం లేచి నించున్నారు. పక్కావిడ ఆమె భుజం నిమిరి, ఎంత అదృష్టవంతురాలివమ్మా అంది. చప్పట్లు ఎందుకు కొడుతున్నారో ఆమెకు కొంతసేపు తెలియలేదు. తర్వాత ఒక్కో మాటే మళ్ళీ వినపడింది. బిడ్డని తీసుకో అన్నారు. దేవుడు తీసుకున్నాడు.

జవాబు చెబుతారా అని పెద్దలు భర్తను అడిగారు. ఆయన దగ్గర జవాబు ఉందని ఆమెకు తెలుసు. అలాంటి బేరానికి ఒప్పుకున్నవాడు మంచివాడెలా అవుతాడని ఒక్క మాట అడిగితే సభ మళ్ళీ ఆయన వైపు తిరిగేది. ఆయన ఆమె మొహం చూస్తూ, ఏమీ లేదని చెప్పి దిగిపోయాడు.

చాపలూ మైకులూ పెట్టే పక్క గదిలో ఆమె అన్నయ్యను పట్టుకుంది. భర్త గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అన్నయ్య మొహం అప్పటికే పాలిపోయి ఉంది. నోరు జారాను అమ్మడూ, అందరూ నవ్వేసరికి ఒళ్ళు తెలియలేదు, ఇంటి సంగతులు వద్దన్నది నేనే, తప్పయిపోయింది అంటూ ఏదేదో చెప్పబోయాడు. ఆమె అదేమీ వినలేదు.

"ఆయన అలా అడిగారు సరే. పక్కనున్న నువ్వేం అడిగావు?"

అన్నయ్య చాపల కేసి చూశాడు.

"చెప్పు అన్నయ్యా. దేవుడు నీ మాట వింటాడని కదా ఆయన నీ పక్కన మోకరించింది. నువ్వేం అడిగావు?"

"అదే" అన్నాడు అన్నయ్య. "అలాగే చెయ్యి తండ్రీ అన్నాను. నువ్వు నా చెల్లెలివి. నువ్వు పోతే నేనెలా..."

"మరి నాతో ఆయన చిత్తం అన్నావు. కారణం అడక్కు అన్నావు. కారణం నీకు తెలుసు. తెలిసే, ఏటా నన్ను అక్కడ నించోబెట్టి పాడించావు. నా బిడ్డని ఇచ్చేసినందుకు నాచేతే థాంక్స్ చెప్పించావు."

అన్నయ్య ఏడ్చాడు. ఆమెకు ఏడుపు రాలేదు. గుమ్మంలో ఉన్న భర్తను దాటుకుని ఒక్కతే నడిచి ఇంటికి వచ్చింది.

ఆ ఇంటికి వెళ్ళాలంటే షాపులోంచే దారి. భర్త వచ్చేసరికి ఆమె వెనక గదిలో సానచక్రం ముందు ఊరికే కూర్చుని ఉంది. ఆయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. డాక్టర్లు ఇద్దర్నీ బతికించాలనే చూశారని, ఎవరు కావాలని తననెవరూ అడగలేదని, పాపకు ముందే ఊపిరి అందలేదని చెప్పాడు. భయంతో నోటికొచ్చింది వాగానన్నాడు. అక్కడ వినేవాడు ఎవరూ లేడు కాబట్టి ఆ మాటకు బరువే లేదని, ఇన్నేళ్ళూ తనకు తాను అదే చెప్పుకున్నానని అన్నాడు.

"వినేవాడు లేకపోతే మీరు అన్నది గాల్లో కలిసిపోయింది. మీకు అంతే" అంది ఆమె. "నాకు వినేవాడు ఉన్నాడండీ. మీరు అడిగారు, మా అన్నయ్య ఒప్పించాడు, పైవాడు పుచ్చుకున్నాడు. ముగ్గురు మగవాళ్ళు కూడబలుక్కున్నారు. కన్నది నేను. నన్నెవరూ అడగలేదు."

"నీకు స్పృహ లేదు."

"వచ్చాక ఉంది కదా. ఇన్నేళ్ళూ ఉంది కదా."

ఆమె మర్నాడు మామూలుగానే లేచింది, మామూలుగానే పని చేసింది. ముందు గదిలోంచి వచ్చిన నంబరు చీటీ అందుకునేది, అద్దం బిగించి ఇచ్చేది. అంతకు మించి వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. మందిరానికి వెళ్ళడం మానేసింది. నువ్వూ నాలాగే అయ్యావా అని భర్త ఒకసారి మెల్లగా అడిగాడు. కాలేదంది. నమ్మకం పోతే హాయిగా ఉండేదనీ, అది పోవడం లేదనీ, అదే తన గోల అనీ అంది. ప్రార్థనకు కూర్చుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోతోంది. దేవుణ్ణి ఏమని పిలవాలో తెలియడం లేదు.

అన్నయ్య కొన్నాళ్ళు మొహం చూపించలేదు. తర్వాత ఒక పొద్దున షాపు తెరవగానే వచ్చి, కాడ వదులైందని కళ్ళద్దాలు ఇచ్చాడు. అది సాకని ఇద్దరికీ తెలుసు. ఆమె లోపలికి తీసుకెళ్ళి, మర బిగించి, తుడిచి తెచ్చి చేతిలో పెట్టింది.

"పెట్టుకుని చూడండి. బిగుతుగా ఉంటే చెప్పండి" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆమె అన్నయ్యను అండీ అన్నది లేదు. ఆయన కళ్ళద్దాలు చేతిలోనే పట్టుకుని అలా నిలబడిపోయాడు. మందిరంలో ప్రసంగం మానేస్తానన్నాడు. మీ ఇష్టమండీ అంది. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటానన్నాడు. అప్పుడు ఆమె ముందు గదిలోకి తొంగిచూసి భర్తను కూడా పిలిచింది. చాలా రోజుల తర్వాత ఇద్దరితో కలిపి మాట్లాడింది.

"పాపని ఎక్కడ పెట్టారో నాకు చూపించండి."

అప్పట్లో తల్లి చూడకూడదన్నారు. చూస్తే తట్టుకోలేదన్నారు. తర్వాత ఆమె అడిగినా అన్నయ్య మాట దాటేసేవాడు, భర్త లేచి వెళ్ళిపోయేవాడు. ఈసారి ఇద్దరూ చెప్పులు వేసుకున్నారు.

శ్మశానం ఊరి చివర, గోదాముల వెనక ఉంది. పసిపిల్లలకని చిట్టచివర గోడ పక్కన కొంత జాగా వదిలారు. అక్కడ రాళ్ళు లేవు, పేర్లు లేవు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. అన్నయ్య ముందు నడిచి, గోడకు బీట ఉన్నచోట ఆగి, ఇక్కడ అన్నాడు. భర్త ఇంకా ముందుకు వెళ్ళి, కుళాయికి ఎదురుగా నిలబడి, కాదు ఇక్కడ అన్నాడు. గుంట తవ్వుతుంటే నీళ్ళు ఇక్కణ్ణించే తెచ్చామన్నాడు. అప్పుడు కుళాయి ఇక్కడ లేదు బావా, తర్వాత వేశారు అన్నాడు అన్నయ్య. నా చేతులతో పెట్టాను, నాకు తెలియదా అన్నాడు భర్త. మట్టి కప్పింది నేను కదా అన్నాడు అన్నయ్య.

వంటింట్లోంచి ఎన్నో ఏళ్ళు విన్న గొంతులే అవి. ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కాసేపటికి వాళ్ళకే తెలిసి, మాట మధ్యలో ఆపేశారు.

"మీరిద్దరూ వెళ్ళి గేటు దగ్గర ఉండండి" అంది.

వాళ్ళు వెళ్ళారు. ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గోడ బీట దగ్గర కూర్చుని కొంచెం గడ్డి పీకింది. అక్కడ కాదేమో అనిపించి లేచి, కుళాయి వైపు నడిచింది. పాపకు తను మనసులో అనుకున్న పేరొకటి ఉండేది, ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు పెట్టి ఒకసారి పిలిచింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గోడ పొడుగునా ఉన్న గడ్డి మొత్తం ఈ చివర నుంచి పీకడం మొదలుపెట్టింది.