రంగేసిన జాకీ

ఘానాలోని కుమాసీ ఊరి మరమ్మతు షెడ్లలో, లారీలెత్తే స్క్రూ జాకీలు బాగుచేసే బిరాగోకి లారీ యజమాని ద్వొమో అంటే ఒళ్ళుమంట. ఆ రోజు అతను ఎర్రరంగుతో నిగనిగలాడుతున్న జాకీ తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"కాస్త గ్రీజు రాయి, చాలు. అంతకుమించి ఆడదానివి నీకేం తెలుస్తుందిలే!"

ఆమె విప్పి చూసింది. లోపలి నట్టు మరలు పూర్తిగా అరిగిపోయాయి.

"నట్టు మార్చాలయ్యా. రంగు బరువు మోస్తుందా?"

అతను వెటకారంగా నవ్వి, జాకీ మళ్ళీ బిగించుకుని, అక్కడే తన లారీ ఎత్తి, చూడమన్నట్టు దాని కిందికి చెయ్యి పెట్టాడు. బిరాగో ఇరుసు కింద దుంగ తోసింది. అంతలోనే మరలు జారి, లారీ దుంగ మీద కూలబడింది.

"చెయ్యుందా?" అందామె.

"ఉంది," అన్నాడు ద్వొమో, చెయ్యి బయటికి లాక్కుంటూ.

"అయితే ఆ చేత్తోనే కొత్త నట్టు పట్టుకురా, పో."

అతని వైపు చూడనైనా చూడకుండా ఆమె స్క్రూకి అంటిన పాత గ్రీజు తుడవసాగింది.